నిజాం విమానం, డెట్రాయిట్ పడవ, ఒకే ఇంజిన్

1917 మే 29. వాషింగ్టన్ నగరం, విల్లార్డ్ హోటల్. గదిలో ఇద్దరు ఇంజినీర్లు. ఒకరు ప్యాకార్డ్ కార్ల కంపెనీకి చెందిన జెస్సీ విన్సెంట్, రెండోవారు హాల్-స్కాట్ కంపెనీ నుంచి వచ్చిన ఎల్బర్ట్ హాల్. అమెరికా యుద్ధంలోకి దిగి ఇంకా రెండు నెలలు నిండలేదు. విమానాలకు వేల సంఖ్యలో ఇంజిన్లు కావాలి, అవీ ఒకే నమూనావి కావాలి. ఐదు రోజుల్లో ముఖ్యమైన డ్రాయింగులు తయారయ్యాయి. అలా పుట్టిన ఇంజిన్‌కి లిబర్టీ అని పేరు పెట్టారు. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు, 400 గుర్రాల బలం.

ఆ హోటలు గదికీ మన మేడ్చల్, షామీర్‌పేటలకూ సంబంధం ఏమిటంటారా? ఏడాది దాటాక కలిసింది. అప్పటికి ఈ ఊళ్లన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో ఉన్నాయి. ఆయన బ్రిటిష్ వాయుసేనకు ఒక స్క్వాడ్రన్ మొత్తానికి సరిపడా విమానాలు కానుకగా ఇచ్చాడు. అదే 110వ నంబరు, 'హైదరాబాద్' స్క్వాడ్రన్. డీహెచ్9ఏ బాంబర్లు. వాటి ముక్కులో ఉన్నది లిబర్టీ.

1918 అక్టోబర్ 5న ఆ విమానాలు ఫ్రాన్స్ నుంచి జర్మనీ మీదికి బయల్దేరాయి. వాటిలో ఎఫ్1010 తిరిగి రాలేదు. శత్రువు చేతికి చిక్కింది. జర్మన్లు దాన్ని పగలగొట్టలేదు, బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది పోలండ్‌లో తేలింది. 1977లో లండన్‌లోని వాయుసేన మ్యూజియానికి చేరింది. నిజాం కానుకల్లో ఇంతకాలం బతికి బట్టకట్టినవి తక్కువే.

ఇక రెండో అంకం నీళ్ల మీద. యుద్ధం ముగిసేసరికి అమెరికాలో లిబర్టీలు గుట్టలుగా మిగిలిపోయాయి. డెట్రాయిట్‌లో గార్‌ఫీల్డ్ వుడ్ అనే వ్యాపారి ఉండేవాడు. లారీ తొట్టిని ఎత్తి కంకర దించే హైడ్రాలిక్ జాకీ కనిపెట్టి డబ్బు సంపాదించాడు. నేడు మేడ్చల్ హైవే మీద దుమ్ము రేపే టిప్పర్లకు ఆయన ఒక రకంగా తాత. ఆయనకు పడవల పందేల పిచ్చి. 1920లో రెండు లిబర్టీలు బిగించిన 'మిస్ అమెరికా'ను ఇంగ్లండ్ తీసుకెళ్లి హార్మ్స్‌వర్త్ ట్రోఫీ గెలిచాడు. అదే ఏడాది అది గంటకు 120 కిలోమీటర్లు దాటింది. నీటి మీద అది ప్రపంచ రికార్డు.

విమానం ఇంజిన్‌ని పడవలో పెట్టడం వినడానికి తేలికే. కానీ పడవలో ఇంజిన్‌కి ఊపిరి తీసుకునే సందు ఉండదు. కారు పల్లంలో కాస్త సేద తీరుతుంది. పడవ ఎప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లోడు లారీయే. అందుకే ముందు దెబ్బ తినేది సిలిండర్ హెడ్డు, అందులోనూ ఎగ్జాస్ట్ వాల్వు. సీటు మీద సరిగా కూర్చోని వాల్వు తన వేడిని హెడ్డుకు దించలేదు. ఎర్రగా కాలి, అంచు ఎగిరిపోతుంది.

హెడ్డులో గాలి దారులను సవరించడాన్ని పోర్టింగ్ అంటారు. ఆ మాట అనగానే చాలామంది గ్రైండర్ పట్టుకుని దారిని వెడల్పు చేసేస్తారు. నా దృష్టిలో అది చెడగొట్టడమే. దారి మరీ పెద్దదైతే తక్కువ వేగంలో గాలి మందగిస్తుంది, లాగుడు చచ్చిపోతుంది. పడవ ముక్కు పైకెత్తి నీటి మీద తేలే క్షణంలో కావలసింది ఆ మధ్య వేగపు లాగుడే. గెలుపోటములు తేలేది వాల్వు కింది గిన్నెలో, గాలి మలుపు తిరిగే లోపలి అంచులో, సీటు కోణాల్లో. ఇంకో ముప్పు కూడా ఉంది. పడవల్లో చాలాసార్లు పొగగొట్టంలోకి చల్లటి నీరు వదులుతారు. రెండు వాల్వులూ కలిసి తెరుచుకునే సమయం ఎక్కువైతే ఆ నీటి తుంపర వెనక్కి, సిలిండర్‌లోకి వచ్చేస్తుంది. రోడ్డు మీద పందెం గెలిచిన హెడ్డు నీటి మీద గెలవకపోవడానికి ఇదో కారణం.

లిబర్టీలో ఈ పనులకు చోటు తక్కువ. ప్రతి సిలిండర్‌కీ హెడ్డు కలిసే ఉంటుంది, విడిగా దించలేరు. వాల్వులు రెండే, లోపలికి ఒకటి, బయటికి ఒకటి.

మూడో అంకం డెర్బీలో. అక్కడ రోల్స్-రాయిస్ వాళ్లు మెర్లిన్ అనే విమాన ఇంజిన్ తయారు చేస్తున్నారు. అదీ 27 లీటర్లే! సిలిండర్‌కి నాలుగు వాల్వులు. ఇంటేక్ వాల్వులను 45 డిగ్రీల వాలులో పెట్టి, 'ర్యాంప్ హెడ్' అనే కొత్త ఆకారం ఎంచుకున్నారు. కాగితం మీద బాగుంది. 1935 డిసెంబరులో 50 గంటల సివిల్ పరీక్ష నెగ్గింది. 1936 మార్చిలో సైనిక పరీక్ష వచ్చింది: 100 గంటలు. ఇంజిన్ తప్పింది. అదే నెల 5న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం తొలి నమూనా అదే జాతి ఇంజిన్‌తో ఆకాశానికి ఎగిరింది. అంటే విమానం సిద్ధం, ఇంజిన్ సిద్ధం కాలేదు. ఎంత గుబులు పుట్టి ఉంటుందో ఊహించుకోండి.

ర్యాంప్ హెడ్డుతో 172 మెర్లిన్-1 ఇంజిన్లు మాత్రం తయారు చేసి ఆపేశారు. డెర్బీ వాళ్లు పంతానికి పోలేదు. తమ పాత కెస్ట్రెల్ ఇంజిన్ హెడ్డునే పెద్దది చేసి బిగించారు. వాల్వులన్నీ సిలిండర్‌కి సమాంతరంగా, ఏ ఆర్భాటమూ లేకుండా. 1937 సెప్టెంబర్ 22న అది పరీక్ష నెగ్గింది. 1938లో మెర్లిన్-2 పేరుతో బయటికొచ్చింది, 1,030 గుర్రాల బలంతో. లిబర్టీకి రెండున్నర రెట్లు, కొలత అదే. ఘనత అంతా హెడ్డుది కాదు. సూపర్‌చార్జర్, మంచి పెట్రోలు, ఎక్కువ ఆర్‌పీఎం కూడా పంచుకోవాలి. కానీ వంద గంటలు పగలకుండా నిలబడని హెడ్డు ఉంటే ఆ మూడూ ఎందుకూ కొరగావు.

మళ్లీ హైదరాబాద్ పేరు వచ్చింది. 1939లో 152వ స్క్వాడ్రన్ తిరిగి పుట్టింది, మరుసటి ఏడు స్పిట్‌ఫైర్లు ఎక్కింది. బిరుదు 'హైదరాబాద్', చిహ్నంలో నిజాం తలపాగా. 1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో పోరాడింది. 253వది 'హైదరాబాద్ స్టేట్' స్క్వాడ్రన్, దానివి హరికేన్ విమానాలు. రెండింట్లోనూ మెర్లిన్లే. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి షామీర్‌పేట వెళ్లే దారిలో హకీంపేట వాయుసేన కేంద్రం, మేడ్చల్‌కు పడమట దుండిగల్ అకాడమీ ఉన్నాయి. అక్కడ శిక్షణ పొందే పిల్లల్లో ఎందరికి ఈ రెండు స్క్వాడ్రన్ల సంగతి తెలుసో!

విల్లార్డ్ హోటల్లో లిబర్టీ గీసిన జెస్సీ విన్సెంట్ కంపెనీ ప్యాకార్డే తర్వాత అమెరికాలో మెర్లిన్లు చేసింది, 55,000 పైచిలుకు. యుద్ధం అయ్యాక అవీ మిగిలాయి, అవీ పందెం పడవల్లోకి ఎక్కాయి. 1963, 64, 65 మూడేళ్లూ వరుసగా అమెరికా గోల్డ్ కప్ గెలిచిన 'మిస్ బార్డాల్' పడవను నడిపింది రోల్స్-రాయిస్ మెర్లినే.