డోర్నకల్ ఎపిఫనీ దేవాలయం

జఫర్‌గఢ్ ప్రాంతం వారు వరంగల్‌లో విజయవాడ వైపు బండి ఎక్కితే మహబూబాబాద్, గార్ల దాటిన తరువాత డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఉద్యోగరీత్యా ఆ స్టేషన్‌లో బండి మారినవారు మనలో ఎందరో ఉన్నారు. ఊళ్లోకి వెళ్లి ఎపిఫనీ దేవాలయాన్ని చూసినవారు మాత్రం కొద్దిమందే.

కాజీపేట ఫాతిమానగర్‌లోని ప్రధాన దేవాలయం రోమన్ కాథలిక్కులది. డోర్నకల్ దేవాలయాన్ని కట్టినవారు ఆంగ్లికన్ సంఘం వారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన నాటి నుండి అది ఆ సంఘానికి చెందినది.

దీని నిర్మాణానికి మూలపురుషుడు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లాలో 1874లో జన్మించిన ఈ తమిళుడు 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడివారిలో ఒకడైనాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘాలలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

మెదక్‌లో ఆంగ్లేయ మిషనరీ పాస్నెట్ గోథిక్ పద్ధతిలో కట్టించిన మహాదేవాలయం 1924లో పూర్తయింది. అజరయ్య దారి వేరు. క్రైస్తవం పరాయి మతమనే మాట ఆ రోజుల్లో బలంగా వినిపించేది. అందుకు ఆయన కట్టడంతోనే జవాబు చెప్పదలచినాడు. మసీదులను తలపించే గుమ్మటాలు, మినార్లు, హిందూ దేవాలయ మండపాలను తలపించే చెక్కడపు స్తంభాలు ఇక్కడ ఒకే కప్పు కింద చేరినాయి. నిజాం రాజ్యంలోని పల్లెవాసికి ఈ రూపాలేవీ కొత్తవి కావు.

ఇందులో మరొక విశేషముంది. ఈ సంఘంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. గుడి మండపంలో అడుగుపెట్టే హక్కు ఆనాడు వారికి లేదు. అటువంటి స్తంభాల నడుమనే, ఈ దేవాలయంలో, వారు సమానంగా కూర్చుని ప్రార్థించగలిగినారు.

నిర్మాణానికి దాదాపు 25 సంవత్సరాలు పట్టింది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ప్రతిష్ఠ జరిగింది. తూర్పుదేశపు జ్ఞానులు తమ కానుకలతో బాల యేసును దర్శించిన రోజది. తూర్పుదేశపు శిల్పరీతులను కానుకగా తెచ్చిన ఆలయానికి ఆ పేరు తగినదే.

1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన సమాధి ఆ ఆవరణలోనే ఉన్నది. ఈసారి అటు ప్రయాణం పడినప్పుడు, వీలు చూసుకుని, మనుమలను వెంటబెట్టుకుని ఒక్క పూట దిగి చూడవలసినదిగా సభ్యులకు మనవి.