తుపాకి గురి – కటకం గురి

మహబూబ్‌నగర్‌కు ఆ పేరు 1890లో వచ్చినది. అంతకు పూర్వం అది పాలమూరు. జనం నోట నేటికీ పాలమూరే. ఆ పేరుకు మూలమైన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో ప్రసిద్ధుడు. ఆయన వేటలను గురించి చెప్పుకొనే కథల్లో నిజమెంతో అతిశయోక్తి ఎంతో తేల్చడం సులభం కాదు గాని, ఆనాటి ఛాయాచిత్రాలు మాత్రం కొన్ని నిలిచి ఉన్నవి. వాటిలో పులి నేల మీద చచ్చి పడి ఉంటుంది. దాని వెనుక తుపాకి పట్టుకొని ప్రభువులు నిలిచి ఉంటారు. ఇది వట్టి ఆడంబరమని తీసివేయరాదు. ఆడంబరం సగం, తక్కిన సగం ఆనాటి కెమేరా అశక్తత. అడవిలో తిరిగే పులిని పట్టుకొనడం ఆనాటి కెమేరాలకు బహు కష్టం.

ఈనాడు సెలవులకు అమ్రాబాదు అడవికి పోవాలనుకొనే గృహస్థులు ముందుగా అడిగే ప్రశ్న, ఏ కెమేరా తీసికొని పోదుమా అన్నది. అంగడిలో దొరికే సమాధానం ఒక ధర, ఒక అంకె. చరిత్రలో దొరికే సమాధానం అంతకంటె నమ్మదగినదని నా అభిప్రాయం. ఎందుచేతనంటే, మనిషికీ మృగానికీ నడుమ ఉన్న దూరాన్ని ఏమి చేయాలన్నదే ఈ నూటయాభై ఏండ్ల కథ అంతా.

హైదరాబాదు సంస్థానంలో ఆ కథ రాజా దీనదయాళుతో మొదలవుతుంది. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఛాయాచిత్రణం అభ్యసించిన ఆయన, పిమ్మట సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరవ నిజాంకు ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. కోటలూ, దర్బారులూ, విందులూ, సైన్య విన్యాసాలూ, వేట విడుదులూ అన్నీ ఆయన పలకల మీదికి ఎక్కినవి. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ ప్రభువు దంపతులు ఓరుగల్లు జిల్లా నెక్కొండ దగ్గర వేటకు విడిసినప్పుడు తీసిన చిత్రం లోకప్రసిద్ధం. ఆ చిత్రంలోనూ పులి కళేబరమే.

కారణం యంత్రంలో ఉన్నది. 1851లో ఆర్చర్ కనిపెట్టిన తడిపలక పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగవలసి ఉండేది. గుడారం, సీసాలు, నీళ్లు, కూలీలు అన్నీ వెంట నడవవలసినవే. 1871లో మాడక్స్ వెల్లడించిన పొడిపలక ఈ బాధను తొలగించినది. రెప్పపాటులో చిత్రం తీయడం క్రమంగా సాధ్యమైనది. అయినా అది ఎండలో మాట. చెట్టు నీడలో, ముక్కాలి మీద నిలిపిన బరువైన పెట్టెతో, కదిలే జంతువును తీయబోతే పలక మీద మిగిలేది మసక మాత్రమే. కటకం సంగతి మరీ కష్టం. దూరపు వస్తువును దగ్గరగా చూపే టెలిఫోటో కటకాన్ని లండనులో డాల్‌మేయర్ 1891లో తయారుచేశాడు గాని, అది వెలుతురును మింగివేసేది. కనుక పులిని పెద్దదిగా చూపాలంటే దాని దగ్గరకు పోవాలి. దగ్గరకు పోవాలంటే అది కదలకూడదు. కదలకుండా ఉండే పులి ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

దూరాన్ని జయించడానికి లోకంలో రెండు మార్గాలు ఏర్పడినవి. ఒకటి, మనిషి దూరంగా ఉండి కెమేరాను మాత్రం మృగం దగ్గర విడిచిపెట్టడం. అమెరికాలో జార్జి షిరాస్ రాత్రివేళ మెరుపు వెలుగులో లేళ్ల చిత్రాలు తీశాడు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక వాటిలో 74 చిత్రాలను ఒక్క సంచికలోనే అచ్చువేసినది. మన దేశంలో సంయుక్త రాష్ట్రాల అటవీ ఉద్యోగి ఎఫ్. డబ్ల్యు. చాంపియన్, పులి నడిచే దారికి అడ్డంగా తీగ కట్టి, కాలు తగిలినంతనే మెరుపు వెలిగి చిత్రం పడేటట్లు ఏర్పాటు చేశాడు. బ్రతికి తిరుగుతున్న పులుల చిత్రాలతో ఆయన గ్రంథం 1927లో వెలువడినది. జిమ్ కార్బెట్ వంటి వేటగాడు కెమేరా వైపు తిరగడానికి ఈ చాంపియనే ప్రేరణ. రెండవ మార్గం కటకాన్ని పొడిగించడం. అది నెమ్మదిగా నడిచినది. దాని చివరి మజిలీలలో ఒకటి నేటి బ్రిడ్జి కెమేరా.

నల్లమలలో మాత్రం ఇంకా చాలా కాలం తుపాకిదే రాజ్యం. ఫర్హాబాదు నిజాముల వేట విడిది. 1931-32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు ఈ అమ్రాబాదు కొండలకు కూడా వచ్చినాడు. ఆ రోజుల్లో పక్షిని గుర్తించడమంటే కాల్చి, చర్మం వలిచి, చీటీ కట్టి భద్రపరచడమే. శాస్త్రం కోసం అది తప్పనిసరి అనుకొనేవారు. నేడు ఆ పనిలో పెద్ద భాగాన్ని ఒక మంచి ఛాయాచిత్రం చేయగలదు. 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్-హైమెండార్ఫ్, యుద్ధకారణంగా శత్రుదేశీయుడిగా లెక్కకు వచ్చి, నిజాం సర్కారు అనుమతితో ఈ పీఠభూమి మీద చెంచుల నడుమ నివసించినాడు. ఆయన గ్రంథం 1943లో వచ్చినది. ఆయన కెమేరా మృగాల మీద కాక మనుష్యుల మీద నిలిచినది: పెంటల్లోని గుడిసెలు, విల్లంబులు, గడ్డలు త్రవ్వే స్త్రీలు. చెంచులకై ప్రత్యేకంగా అటవీ భాగాన్ని కేటాయించడానికి ఆయన సూచనలు కారణమైనవి. నల్లమల ఛాయాచిత్ర చరిత్రలో మొట్టమొదట ఎవరికైనా మేలు చేసిన చిత్రాలు ఇవే కావచ్చునని నాకు తోస్తుంది.

స్వాతంత్ర్యానంతరం కెమేరా మధ్యతరగతి ఇండ్లలోకి వచ్చినది. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ త్రీ అనే చిన్న పెట్టెను చాలామంది ఎరుగుదురు: 120 నంబరు రీలు, పన్నెండు బొమ్మలు, ఒకే కటకం. ఉదకమండలంలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి నలుపుతెలుపు ఫిల్ము తరువాతి కాలంలో దొరికేది. పెండ్లికి, పుట్టినరోజుకు, నాగార్జునసాగరం ఆనకట్ట ముందు కుటుంబమంతా నిలబడడానికి ఆ పెట్టె చాలును. అదే పెట్టెతో దుప్పిని తీస్తే చిత్రంలో అడవి ఉంటుంది, దుప్పి ఉండదు. ఎక్కడో ఒక చుక్క ఉంటుంది, ఇంటివారికి వేలు పెట్టి చూపించుకోవాలి. పొడవైన కటకాలు విదేశాల నుండి రావాలి, వాటికి దిగుమతి ఆంక్షలు, అంతకు మించిన ధరలు. మద్రాసులో ఎం. కృష్ణన్ వంటివారు తమ పరికరాలను తామే కూర్చుకొని అడవులు తిరిగి అద్భుతమైన నలుపుతెలుపు చిత్రాలు తీసినారు. అది ఒక జీవితకాలపు తపస్సు. ఆదివారపు యాత్రికుడికి అలవి అయినది కాదు.

ఈలోగా చట్టం మారినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటను కట్టడి చేసినది. 1973లో పులుల సంరక్షణ ప్రణాళిక మొదలైనది. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో ఆ ప్రణాళికలో చేరినది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం 2015లో అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, నేటి నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో. పులులను లెక్కించే పద్ధతి కూడా మారవలసి వచ్చినది. అడుగుజాడల అచ్చులు తీసి లెక్కించేవారు. రాజస్థానంలోని సరిస్కాలో పులి ఒక్కటీ మిగలలేదని 2005లో బయటపడిన పిమ్మట ఆ లెక్కల మీద నమ్మకం పోయినది. 2006 గణన నుండి కెమేరా ఉచ్చులు ప్రధానమైనవి. ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు గదా! చాంపియన్ కట్టిన తీగ ఈ విధంగా ప్రభుత్వ గణాంకాలలో చేరినది.

ఇక రెండవ మార్గపు సంతానమైన బ్రిడ్జి కెమేరా. జేబులో పట్టే చిన్న కెమేరాకూ, కటకాలు మార్చుకొనే పెద్ద కెమేరాకూ నడుమ వంతెన వంటిది గనుక ఆ పేరు. 1980ల చివర ఫిల్ము కాలంలోనే ఇటువంటివి పుట్టినవి. డిజిటల్ యుగంలో 2000లో ఒలింపస్ వారు పదిరెట్లు జూమ్, చేతివణుకును సరిదిద్దే ఏర్పాటు రెండూ కలిపి ఒక కెమేరా తెచ్చినారు. 2002లో పానసోనిక్ పన్నెండు రెట్లది తెచ్చినది. అక్కడి నుండి అంకెల పందెం. 2015లో నికాన్ పి900 ఎనభైమూడు రెట్లు, 2018లో పి1000 నూటయిరవై అయిదు రెట్లు.

ఈ అంకెలకు అడవిలో అర్థమేమిటో లెక్క కట్టి చూడవచ్చును. యాభై మీటర్ల దూరాన ఒక కణితి నిలిచి ఉన్నది. మామూలు 50 మిల్లీమీటర్ల కటకంలో అక్కడ 36 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. కణితి కోసం వెతకాలి. 600 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్‌లో మూడు మీటర్ల వెడల్పే కనిపిస్తుంది; కణితి చిత్రాన్ని నిండుగా ఆక్రమిస్తుంది. 3000 మిల్లీమీటర్లలో కనిపించేది అరవై సెంటీమీటర్లు. అది పాలపిట్టకు చక్కగా సరిపోతుంది. కణితికి చెవి, కన్ను మాత్రమే దక్కును. కనుక అమ్రాబాదులో దుప్పి, కణితి, మనుబోతు, ఎలుగుబంటి కోసం పోయేవారికి 600 చాలునని గ్రహించవలె. పెద్ద అంకెను చూచి మోసపోవడం తేలిక.

అంకెల్లో కనబడనిది వెలుతురు. మృగాలు తిరిగేది ప్రాతఃకాలంలోనూ సంధ్యవేళలోనూ. అప్పుడు ఏగిస, నల్లమద్ది చెట్ల క్రింద చీకటి ముందే చేరి ఉంటుంది. పి1000 వంటి మహా జూమ్ కెమేరాలో వెలుతురును గ్రహించే సెన్సార్ వైశాల్యం దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోటి కంటె చిన్నది. పానసోనిక్ ఎఫ్‌జెడ్ 1000, సోనీ ఆర్‌ఎక్స్ 10 తరగతి కెమేరాలలో, ఒక అంగుళం అని పిలిచే సెన్సార్ వైశాల్యం సుమారు 116. నాలుగు రెట్లు. పైగా 2017లో వచ్చిన సోనీ నాలుగవ రకం 600 దగ్గర ఎఫ్ 4 వద్ద తెరుచుకొంటే, పి1000 తన పూర్తి పొడవులో ఎఫ్ 8 దగ్గర ఆగుతుంది. అది మరొక నాలుగు రెట్లు. రెండూ కలిపితే చివరి పొడవు దగ్గర ఒక్కొక్క చిత్రానికి చేరే వెలుతురులో పదహారు రెట్ల భేదం. దీనదయాళును నీడలో ఆపిన ఇబ్బందే ఇది. పలక పోయినా భౌతికశాస్త్రం పోలేదు. వణుకు సరిదిద్దే ఏర్పాటు మన చేతిని కాపాడుతుంది గాని దుప్పి తల తిప్పడాన్ని ఆపలేదు.

అందుచేత పులుల అభయారణ్యానికే పోయేవారు జూమ్ తక్కువైనా పెద్ద సెన్సార్ ఉన్నదానిని ఎన్నుకొనడం మేలు. ధర ఎక్కువన్నది నిజమే. వాడినది కొన్నా నష్టం లేదు. నాగార్జునసాగరపు నీటి అంచున పక్షులను, మక్తల్ వైపు కృష్ణాతీరపు చేలల్లో కృష్ణజింకలను చూడబోయేవారికి వెలుతురు కొరత లేదు, దూరమే కొరత. వారికి మహా జూమ్ పనికి వస్తుంది. అయితే వేసవి ఉదయం తొమ్మిది దాటితే పాలమూరు నేల నుండి లేచే వేడిగాలి అలలు అలలుగా కదిలి, 3000 మిల్లీమీటర్ల చిత్రాన్ని నీటిలో నీడవలె వంకరలు చేస్తుంది. ఎంత డబ్బు పెట్టిన కటకానికీ దీనికి మందు లేదు. పెందలకడ లేవడమే ఉపాయం.

కంటికి ఆనించుకొని చూచే వ్యూఫైండర్ లేని కెమేరాను కొనరాదు. మిట్ట ఎండలో వెనుక తెర కనపడదు, చేయి చాచి పట్టుకొంటే వణుకు రెట్టింపవుతుంది. అడవిబాటలో జీపు కదులుతుండగా తీయబోవడం వృథా. ఇంజను ఆపించి, తలుపు మీద మడిచిన తువ్వాలు వేసి దానిపై కెమేరా ఆనించినవారికి ముక్కాలితో పని లేదు. దుమ్ము విపరీతం. కటకం మార్చనక్కరలేకపోవడం ఇక్కడ బ్రిడ్జి కెమేరాకు గొప్ప సుగుణం. నిండుసంచి కటకాలతో వచ్చినవారు మార్చుకొనేలోగా రేచుకుక్కల గుంపు దారి దాటిపోతుంది. మెరుపు దీపం ఇంట్లోనే వదలివేయవలె. ఆకు రాలిన ఫాల్గుణ, చైత్ర మాసాల్లో చూపు దూరం పోతుంది, మృగాలు నీటి మడుగుల దగ్గరకు వస్తాయి. ఆ సమయంలోనే అడవికి నిప్పు భయమూ ఎక్కువ; చుట్ట, సిగరెట్టు అలవాటున్నవారు దయచేసి గుర్తుంచుకోవాలి.

అడవిలో ముందుగా మృగాన్ని చూచేది మన కటకం కాదు, చెంచువాడి కన్ను. అటవీశాఖ శిబిరాల్లో పులుల జాడ కనిపెట్టే పనిలో చెంచులు ఉన్నారు. చెంచుపెంటల్లోకి పోయి అడగకుండా కెమేరా ఎత్తడం మర్యాద కాదు. ఆ పెంట అతని ఇల్లు.

ఇంకొక జాగ్రత్త ఈ కాలానిది. జేబులోని ఫోనూ, దానితో జతపడిన కెమేరా కూడా, చిత్రంతోపాటు తీసిన చోటును అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదు చేసే వీలున్నది. పులి నీళ్లు త్రాగే మడుగు ఏదో, గుడ్లగూబ గూడు ఏ చెట్టు మీదనో ఆ అంకెలు చెప్పివేస్తాయి. మిత్రులకు పంపిన బొమ్మ వేటగాడి చేతికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. అడవిలోకి పోకముందే ఆ నమోదును ఆపివేయవలె. కెమేరాను కొన్ననాడే ఈ పని చేసి ఉంచుకొంటే మరచిపోవడమనే ప్రశ్న ఉండదు.

అన్ని జూమ్‌లకూ అందని ప్రాణి కూడా ఒకటి ఈ అడవిలో ఉన్నది. హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో పెంచి, 2017 నుండి అమ్రాబాదులో విడిచిన మూషిక జింక. మన పల్లెల్లో జరిణిపంది అంటారు. బరువు మూడు కిలోల మాట. చీకటి పడిన తరువాత పొదల క్రింద, ఆకుల మీద చప్పుడు లేకుండా తిరుగుతుంది. దాని చిత్రాలు దొరికేది చెట్టు మొదట కట్టిన కెమేరా ఉచ్చులలో, మనుషులెవ్వరూ లేని వేళ.