బందరు జాతీయ కళాశాల: విదేశ పాలన కొక ప్రత్యుత్తరము

విదేశ ప్రభుత్వముపై జాతులు సల్పిన పోరాటములను వర్ణించునపుడు చరిత్రకారులు సామాన్యముగా యుద్ధములను, శాసనోల్లంఘనములను, కారాగార వాసములను లెక్కింతురు. పాఠశాలలను, పత్రికలను ఆ పోరాటమునకు సన్నాహములుగా మాత్రమే పేర్కొందురు. కృష్ణానది సముద్రమున సంగమించు బందరు, గుడివాడ, దివిసీమల చరిత్రమును పరిశీలించినచో ఈ విభజనము సమంజసము కాదని తోఁచును. ఇచ్చట విద్యాలయ స్థాపనమే పోరాటమునందలి ప్రథమ ఘట్టము. ఆ విషయమును నిరూపించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

విదేశీయులు బందరునకు మొదట వర్తకులుగానే వచ్చిరి. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును, 1669లో ఫ్రెంచివారును ఈ రేవున ప్రవేశించిరి. తీరాంధ్రపు అద్దకము బట్టలు వారిని ముఖ్యముగా ఆకర్షించినవి. 1750లో బందరు ఫ్రెంచివారి వశమయ్యెను. దివిసీమపై ఆధిపత్యమునకై ఆ రెండు జాతులును పెనఁగులాడెను. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు బందరు కోటను ముట్టడించి పట్టుకొనెను. మరుసటి నెలలోనే సలాబత్‌జంగు ఈ ప్రాంతమును ఆంగ్లేయుల కొసఁగెను. 1765లో ఉత్తర సర్కారులపై మొగలు చక్రవర్తి ఫర్మానాయు వారికి లభించెను. వర్తకశాల ఈ విధముగా ప్రభుత్వస్థానముగా మాఱెను.

భూమిపై అధికారము స్థిరపడిన పిమ్మట విద్యపై అధికారము వచ్చెను. 1843లో రాబర్టు నోబిల్ బందరున స్థాపించిన పాఠశాల క్రమముగా కళాశాలయై ప్రసిద్ధి గాంచెను. అది ఈ మండలమునకు చేసిన మేలు తక్కువది కాదు. ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య మున్నగువారు అచ్చటనే చదివిరి. కాని అట్టి విద్యయందు ఆంగ్లమునకే అగ్రస్థానము, తెలుఁగు గౌణము. ఉద్యోగమే పరమావధి.

1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావులు కృష్ణాపత్రికను ప్రారంభించిరి. దివి తాలూకా ముట్నూరున జన్మించిన కృష్ణారావు 1907లో దాని సంపాదకుఁడై 1945లో మరణించువఱకు నిర్వహించెను. 1907లోనే బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశమున పర్యటించి బందరున నుపన్యసించెను. ఆ సంవత్సరముననే రాజమహేంద్రవరమున వందేమాతర నినాదము చేసిన విద్యార్థులపై విద్యాధికారులు చర్య తీసికొనిరి. ప్రభుత్వ విద్య ఎవరి యధీనమున నున్నదో ఈ సంఘటనము స్పష్ట పఱచినది. కోపల్లె హనుమంతరావు, పట్టాభి, కృష్ణారావులు 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి.

ఈ విద్యాలయమున శాస్త్రములతోపాటు వృత్తివిద్యలకును, కళలకును స్థానము లభించెను. వంగదేశీయుఁడగు ప్రమోదకుమార చట్టోపాధ్యాయుఁడు చిత్రలేఖనమును బోధించెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుఁడు. అయితే ప్రభుత్వ విశ్వవిద్యాలయపు పట్టము ఇచ్చట లభింపదు. పట్టము లేనివానికి సర్కారు కొలువు దుర్లభము. కావున తన కుమారుని ఇచ్చటికి పంపిన తండ్రి వాని భవిష్యత్తును పణముగా నొడ్డినట్లే. ఈ త్యాగమును గణింపక జాతీయ విద్యను కేవలము సంస్కరణ కార్యమనుట చరిత్రదృష్టికి లోపము.

ఈ యంశమునకు కొరియా చరిత్రము చక్కని పోలికను సమకూర్చును. బందరు కళాశాల వెలసిన 1910లోనే, ఆగస్టు నెలలో, జపాను కొరియాను తన సామ్రాజ్యమున కలుపుకొనెను. అంతకు పూర్వమే కొరియనులు స్వయముగా స్థాపించుకొనిన పాఠశాలలను 1908 నాఁటి శాసనముచే కట్టడి చేసిరి. 1919 మార్చి 1న ముప్పదిముగ్గురు ప్రముఖులు సంతకములు చేసిన స్వాతంత్ర్య ప్రకటనము వెలువడఁగా దేశమంతటను జనులు వీథులకెక్కిరి. ఆ యుద్యమమును జపాను బలప్రయోగముతో అణచెను. 1938 నుండి పాఠశాలలలో కొరియా భాష ఐచ్ఛిక విషయమయ్యెను. 1942లో నిఘంటువును రచించుచున్న భాషాపరిషత్తు సభ్యులను నిర్బంధించి వ్రాతప్రతులను స్వాధీనపఱచుకొనిరి. ఇద్దఱు చెఱలోనే మరణించిరి. ఆ ప్రతులు 1945లో, జపాను ఓటమి పిమ్మట, సియోలు రైలు స్టేషను గిడ్డంగిలో దొరకినవి. ఆంధ్రమున తెలుఁగు నిషేధింపఁబడలేదు. ఈ భేదమును మఱువరాదు. కాని పాలితుల భాషయు, బడియు పాలకులకు రాజకీయ విషయములే యనుట రెండు దేశముల చరిత్రము వలనను స్పష్టము.

కళాశాల ఫలితము దాని ప్రాంగణమునకే పరిమితము కాలేదు. ఎడింబరోలో చదివి వచ్చి ఇచ్చట కొంతకాలము పనిచేసిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1921లో చీరాల పేరాల ప్రజలను నడిపించెను. వేలాది జనులు పురపాలక సంఘమును నిరాకరించి ఊరు విడిచి రామనగరున నివసించిరి. బందరు సమీపమున భట్లపెనుమఱ్ఱున జన్మించి ఈ కళాశాలలో అధ్యాపకుఁడైన పింగళి వెంకయ్య ఆ యేఁడే బెజవాడ కాంగ్రెసు సమావేశమున గాంధీజీకి పతాక నమూనాను సమర్పించెను. గుడివాడ చెంత అంగలూరున జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరి జాతీయ గీతకర్తగా ప్రసిద్ధుఁడయ్యెను. 1930లో బందరు కోనేరు కడ జెండా నెగురవేయఁబూనిన తోట నరసయ్య నాయుఁడు పోలీసు లాఠీలకు స్పృహ తప్పినను జెండాను వదలలేదు. పట్టాభి ఉప్పు సత్యాగ్రహమున చెఱకేఁగెను. 1942లో నిర్బంధితుఁడై అహమ్మదునగరు కోటలో ఏండ్లు గడపెను.

పరిమితులను దాఁచుట తగదు. ఈ యుద్యమమునకు తొలినాయకులు ఆంగ్లవిద్య నభ్యసించిన న్యాయవాదులు, వైద్యులు, పత్రికా రచయితలు. గ్రామీణ రైతులు, కూలీలు తొలి దశలో దీనియందు విశేషముగా కానరారు. హనుమంతరావు 1922లో అకాల మరణము నొందుటతో కళాశాలకు గట్టి దెబ్బ తగిలెను. ప్రభుత్వ విద్యాలయముల నది తొలగింపలేకపోయెను.

అయినను విజయమును సంఖ్యలచేతనే నిర్ణయింపరాదు. విదేశ పాలనకు ప్రజలు సహకరించుటకు మూలము, దానికి ప్రత్యామ్నాయము లేదను నమ్మకము. ఆ నమ్మకమును బందరు కళాశాల తన యునికి చేతనే ఖండించెను. 1921లోను, 1930లోను జనులు శాసనమును ధిక్కరింపఁగల్గుటకు ఈ ఖండనము పునాది. కావున ఈ మండల స్వాతంత్ర్యోద్యమ చరిత్రమును వ్రాయఁబూను పరిశోధకుఁడు ఉప్పు సత్యాగ్రహముతో గాక 1910 నాఁటి బడితో ప్రారంభించుట యుక్తము.