కండక్టరు ఎక్కిన మెట్లు

లండన్, 1950. చలికాలపు ఉదయం. ఎర్ర డబుల్ డెక్కర్ వెనక ఫుట్‌బోర్డు మీద నిలువు కడ్డీ పట్టుకుని నిలబడ్డారు మీరు. ఈ బస్సుకు వెనక తలుపు లేదు. బొగ్గు పొగ కలిసిన మంచు నేరుగా మొహానికి తగులుతోంది. యుద్ధం ముగిసి ఐదేళ్లయినా బాంబులు పడ్డ చోట్ల ఇంకా ఖాళీ స్థలాలే కనిపిస్తున్నాయి. ఈ ఊళ్లో మాంసం ఇంకా రేషన్ మీదే.

కండక్టరు వచ్చాడు. ఒక చేతిలో చెక్క ర్యాకు, దాని నిండా వరసగా బిగించిన టికెట్లు, ఒక్కో చార్జీకి ఒక్కో రంగు. భుజాన చిల్లర సంచి. ఛాతీ మీద పట్టీకి కట్టిన బెల్ పంచ్. మీ టికెట్టు అందులో దూర్చి నొక్కాడు. టింగ్. చిల్లు పడింది. తెగిన కాగితపు ముక్క కింద పడలేదు, పంచ్ పొట్టలోనే ఉండిపోయింది. లెక్కలో తేడా వస్తే ఆ ముక్కలు బయటికి తీసి ఎన్ని టికెట్లు అమ్మాడో చూస్తారు. డబ్బుకు సంబంధించినంత వరకు ఈ బస్సులో లెక్కకు రానిది లేదు.

ఆయన అప్పుడే మేడ మీదికి వెళ్లిపోయాడు. బస్సు మలుపు తిరుగుతుంటే భుజం గోడకు ఆనించి, రెండు చేతులూ పనిలోనే ఉంచి, కాళ్ల బలం మీద ఎక్కాడు. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు 7 జెడ్ డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్లకు ఆ మెట్ల ఇరుకు గుర్తుండే ఉంటుంది. మనం పై సీటు కోసం సరదాగా ఒక్కసారి ఎక్కేవాళ్లం. ఈయన స్టాపు స్టాపుకీ ఎక్కాలి, దిగాలి. బస్సు కదలాలంటే రెండు గంటలు కొడతాడు. మన కండక్టరు రైట్ రైట్ అన్నట్టే.

ఇప్పుడు ముందుకు చూడండి. అద్దం అవతల చిన్న గదిలో ఒంటరిగా డ్రైవరు. ఆ గదికి తలుపు బయటి నుంచే. బరువైన స్టీరింగు, ఎదురుగా పొగమంచు, వెనక బండెడు జనం. చేతులకు, కళ్లకు పని ఉంది. కాళ్లకు మాత్రం పెడళ్ల మేర కదలిక తప్ప మరేమీ లేదు. డ్యూటీలో నూటికి తొంభై వంతుల సమయం ఆయన కూర్చునే ఉంటాడు.

ఈ ఇద్దరినీ చూడటానికే బస్సు ఎక్కి గంటల తరబడి కూర్చున్న డాక్టరు ఒకాయన ఉన్నాడు. పేరు జెరీ మోరిస్. పుట్టింది లివర్‌పూల్‌లో, పెరిగింది గ్లాస్గోలో. యుద్ధంలో ఇండియా, బర్మాల్లో సైనిక వైద్యుడిగా పనిచేసి వెళ్లాడు. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1948లో పెట్టిన సోషల్ మెడిసిన్ యూనిట్‌కు అధిపతి. ఆయనా, ఆయన సహచరులూ ఈ బస్సుల్లో తిరుగుతూ కండక్టర్లు ఎక్కే మెట్లు లెక్కపెట్టారు. రోజుకు 500 నుంచి 750 మెట్లు. నేల మీద నడిచే నడక దీనికి అదనం.

దిగుదాం. వైట్‌చాపెల్‌లో లండన్ హాస్పిటల్ ఉంది. మోరిస్‌ను బస్సు ఎక్కించిన ప్రశ్న పుట్టింది ఆ ఆస్పత్రి పోస్ట్‌మార్టం రికార్డుల్లో. 1907 నుంచి 1949 వరకు నమోదులు. పేజీలు తిప్పుతూ ఉంటే పాత రోజుల మనుషుల గుండె ధమనులు కళ్ల ముందుకు వస్తాయి. గోడల్లో కొలెస్ట్రాల్ పేరుకుని గట్టిపడిన నాళాలు. తాతల కాలంలోనూ ఈ పూడికలు ఉన్నాయి. ఇప్పుడు పెరిగిందేమీ లేదు, కొంత తగ్గాయేమో కూడా. కానీ గుండెపోట్లు మాత్రం ఎన్నో రెట్లు పెరిగాయి. పూడిక ఆనాడూ ఉంది, పోటు ఈనాడే ఎందుకు వస్తోంది? 1951లో ఆయన ఈ సంగతి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. గుండె జబ్బు అంటే కొవ్వు ఒక్కటే కాదనీ, ఆ కొవ్వు ఉన్న మనిషి రోజంతా ఏం చేస్తున్నాడో కూడా చూడాలనీ ఆ రికార్డులే ఆయనకు చెప్పాయి. ఈ చూపు నాకు చాలా గొప్పదనిపిస్తుంది. శవం దగ్గర మొదలైన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆయన బస్సు ఎక్కాడు.

ఈ బస్సులు నడిపే లండన్ ట్రాన్స్‌పోర్ట్‌లో 35 నుంచి 64 ఏళ్ల మధ్య మగవాళ్లు 31,000 మంది. ఒకే సంస్థ, ఒకే యూనిఫారం, ఇంచుమించు ఒకే రకం ఇళ్లూ తిండీ. తేడా అంతా ఎవరు కూర్చుంటారు, ఎవరు ఎక్కి దిగుతారు అన్న దగ్గరే. 1949, 1950ల రికార్డులు కూడితే, ఏడాదికి వెయ్యి మంది డ్రైవర్లలో 2.7 మందికి గుండె ధమనుల జబ్బు బయటపడింది. కండక్టర్లలో 1.9. పైగా కండక్టర్లకు జబ్బు వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. జబ్బు బయటపడ్డ తొలి రోజుల్లోనే ప్రాణం పోవడం డ్రైవర్లలోనే బాగా ఎక్కువ.

ఇంకొకరైతే ఈ అంకెలు చేతికి రాగానే ప్రకటించేవారు. మోరిస్ ఆగాడు. డ్రైవరు కావాలనుకునే మనిషే వేరేమో? రోడ్డు మీది టెన్షన్ వల్లనేమో? అందుకే తపాలా శాఖ వైపు తిరిగాడు. సైకిలు మీద, కాలినడకన ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లు ఒక వైపు. కుర్చీలో కూర్చునే టెలిఫోన్ ఆపరేటర్లు, గుమాస్తాలు మరో వైపు. వీళ్ల నెత్తిన లండన్ ట్రాఫిక్ లేదు. అయినా అదే తేడా వచ్చింది. అప్పుడు గానీ, 1953 నవంబరులో, ఆయన నోరు విప్పలేదు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం ఆ ఎదురుచూపుకే.

అంతటితో వదల్లేదు. బస్సు సిబ్బందికి కుట్టించిన యూనిఫాం ప్యాంట్ల కొలతలు లండన్ ట్రాన్స్‌పోర్ట్ దగ్గర ఉన్నాయని తెలిసింది. అక్కడికీ వెళ్లి చూడండి. వరస వరసగా నడుము చుట్టుకొలతలు. టేపు పట్టినవాడు బట్ట కోసం కొలిచిన కొలత, డాక్టరుకు గుండె కోసం పనికొచ్చింది. ఏ వయసులో చూసినా డ్రైవర్ల నడుము పెద్దది, కుర్ర డ్రైవర్లలోనూ అంతే. అంటే కొంత తేడా ఉద్యోగంలో చేరేనాటికే ఉందన్నమాట. తన వాదానికి ఇబ్బంది కలిగించే ఈ సంగతిని మోరిస్ దాచకుండా 1956లో అచ్చువేశాడు. అయితే సన్నపాటి కండక్టరైనా, బొద్దుగా ఉన్న కండక్టరైనా డ్రైవరు కంటే క్షేమంగానే ఉన్నట్టు తేలింది. నడుము ఒక్కటే కారణం కాదు.

ఇక రక్తం. 1966లో వచ్చిన అధ్యయనంలో 667 మంది బస్సు సిబ్బందిని పరీక్షించి, తర్వాత ఏళ్ల తరబడి గమనించారు. చొక్కా చేయి మడిచి, సూది గుచ్చితే గొట్టంలోకి నల్లెరుపు రక్తం ఎక్కుతుంది. డ్రైవర్ల రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువ, బీపీ కూడా ఎక్కువ. కాళ్లకూ కొవ్వుకూ ఉన్న లంకె ఏమిటో తర్వాతి పరిశోధనలు విప్పి చెప్పాయి. మెట్లెక్కే కండకు ఇంధనం కావాలి. ఆ కండలోని సన్నని రక్తనాళాల గోడల మీద లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. రక్తంలో తేలుతూ వెళ్లే కొవ్వు రేణువులను అది విడగొట్టి కండకు అందిస్తుంది. కదిలే కండలో దాని పని చురుగ్గా సాగుతుంది. ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, ధమని గోడల్లోని కొలెస్ట్రాల్‌ను కాలేయానికి చేరవేసే హెచ్‌డీఎల్ కాస్త పెరుగుతుంది. నిజం చెప్పాలంటే, చెడ్డదని మనం చెప్పుకునే ఎల్‌డీఎల్ మెట్లు ఎక్కినంత మాత్రాన పెద్దగా తగ్గదు. డాక్టరు మాత్ర రాస్తే అది వేసుకోవాల్సిందే. కానీ మాత్ర వేసుకున్నా, కూర్చున్న కాళ్లకు మెట్లు ఎక్కిన ఫలితం రాదు.

మోరిస్ తన మాట తనూ పాటించాడు. వీధుల్లో పరుగెత్తే పెద్దమనిషిని జనం వింతగా చూసే రోజుల్లోనే ఆయన పరుగు మొదలుపెట్టాడు. ఈత కొట్టాడు, సైకిలు తొక్కాడు. 2009 అక్టోబరులో పోయేనాటికి ఆయనకు 99 ఏళ్లు.

ఆయన లెక్కపెట్టిన ఆ మెట్ల మీద ఇప్పుడు కండక్టరు లేడు. లండన్‌లో మామూలు సర్వీసులకు పాత రకం డబుల్ డెక్కర్లు తిరగడం 2005 డిసెంబరులో ఆగిపోయింది. మన దగ్గరా చాలా సర్వీసుల్లో టికెట్టు డ్రైవరే కొడుతున్నాడు. బస్సులో ఇద్దరు ఉన్న చోట మిగిలింది కూర్చునే మనిషే.

మీ ఇంట్లో బస్సో లారీయో నడిపేవారు ఉంటే, ఈ నెలలోనే ఆయనకు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించండి. డ్యూటీ దిగే వేళకు డిపో దగ్గరికి వెళ్లి, ఆయన పక్కన నడుస్తూ ఇంటికి తీసుకురండి.