దాగిన బలము: పోకరాటలో నొక ఘట్టము

పాచికలాటలో ఫలము అందఱి కన్నులయెదుటనే పడును. పేకాట యట్లు గాదు. ముక్క లెదుటివాని చేతిలో నుండును. వాని బలమెంతయో వాడొక్కడే యెఱుగును. అట్టి యాటలలో పశ్చిమదేశములందు మిక్కిలి ప్రసిద్ధమైనది పోకరు. కంటికి కానరాని బలమైన ముక్కలను ఎదుటివాని నడవడినిబట్టి గుర్తించుట యెట్లు? ఈ ప్రశ్నకు సంబంధించిన యొక ఘట్టమును నేడు మీకు మనవి చేసెదను. జూదమును మెచ్చుటకు గాదు. మనుష్యుని చేష్టలనుండి వాని మనస్సును గ్రహించుటలోని చిక్కు ఇందు తేటగా కానవచ్చుటచే దీని నెత్తుకొంటిని.

పోకరు 19వ శతాబ్దపు పూర్వభాగమున అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమందును, మిసిసిపీ నదిలో తిరుగు పొగయోడలయందును వ్యాపించెను. తొలుత 20 ముక్కలతోనే యాడుచుండిరి. నలుగురికి ఐదేసి ముక్కలు పంచగా పేక యంతయు నయిపోయెడిది, అన్నియు దాగినవే. పిమ్మట 52 ముక్కల పేక వచ్చెను. కొన్ని ముక్కలు బయటపెట్టి యాడు పద్ధతులును పుట్టెను. నేడు మిక్కిలి వ్యాప్తిలోనున్న టెక్సాసు పద్ధతిలో ఒక్కొక్కనికి దాగిన ముక్కలు రెండే. ఐదు ముక్కలు అందఱికి ఉమ్మడిగా బల్లపై పఱచబడును: మొదట మూడు, తరువాత నొకటి, కడపట నింకొకటి. ప్రతి మాఱును పందెము కాయవచ్చును, లేదా ఊరకుండవచ్చును.

మన మూడు ముక్కలాట నెఱిగిన పెద్దలకు, మంచి ముక్కలు పడినవాడు పందెము పెంచుననియు, చెడ్డముక్కలవాడు పాఱవైచుననియు తెలియును. కాని యెల్లరు నెల్లప్పుడు నట్లే చేసినచో బలవంతునికి లాభమే లేదు. వాడు పెంచగానే తక్కినవారు తప్పుకొందురు. గణితవేత్తయగు జాన్ వాన్ నాయ్‌మన్, 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్‌తో గూడి ప్రకటించిన గ్రంథమున, చెడ్డముక్కలవాడు అప్పుడప్పుడు బలవంతునివలె నటించుట మంచి యాటకు ఆవశ్యకమే యని లెక్కలతో నిరూపించెను. దీనికి మాఱుగా బలవంతుడు బలహీనునివలె ఊరకుండుటయు కలదు. ఈ రెండవదానిని పసిగట్టుట మఱింత కష్టము. బెదిరించువాడు సందడి చేయును; పొంచియుండువాడు చేయడు గదా.

1988వ సంవత్సరము. లాస్ వేగాసులోని బినియన్ హార్సుషూ జూదశాలలో 1970 మొదలు ఏటేట జరుగుచుండిన పెద్ద పోటీలో తలకు 10,000 డాలర్లు చెల్లించి 167 మంది పాల్గొనిరి. తుదకు ఇద్దఱు మిగిలిరి. ఒకడు చీనాలో పుట్టి అమెరికాలో పెరిగిన జానీ చాన్. క్రిందటి యేటి విజేత. రెండవవాడు న్యూయార్కునుండి వచ్చిన ఎరిక్ సైడెల్. ఇట్టి పెద్ద పోటీలకు కొత్త.

కడపటి పంపకములో సైడెలునకు రాణియు ఏడును పడెను. చానునకు జాకీయు తొమ్మిదియు. బల్లపై మొదట రాణి, పది, ఎనిమిది వచ్చెను. సైడెలునకు రాణుల జత కుదిరెను. చానునకో, ఎనిమిది మొదలు రాణి వఱకు ఐదు ముక్కల వరుస అప్పుడే పూర్తియయ్యెను; ఆ ముక్కలకు అంతకు మించిన చేయి లేదు. అయినను చాన్ దానిని చాటుకొనలేదు. పిమ్మట రెండును, ఆఱును వచ్చెను. కడపటి ముక్క పడినపుడును చాన్ ఊరకుండెను. సైడెల్ తనయొద్ద నున్నదంతయు ముందుకు ద్రోసెను. చాన్ వెంటనే యొప్పుకొని ముక్కలు విప్పెను. ఆట ముగిసెను, మొదటి బహుమానము 7,00,000 డాలర్లు చానునకు చెందెను.

ఇప్పుడు లెక్క చూతము. సైడెలునకు కనబడినవి ఏడు ముక్కలు, కనబడనివి 45. వానినుండి రెండేసి ముక్కల జంటలు 990 ఏర్పడును. అందు జాకీ-తొమ్మిది జంటలు 16 మాత్రమే. నూటికి రెండైనను లేవు. భయపడ నేల యనిపించును. కాని, రాణి, పది, ఎనిమిది పడినపిదపను డబ్బు పెట్టి నిలిచినవాని చేతిలో ఆ 990 జంటలును ఉండ నేరవు. పనికిరానివి చాలవఱకు తొలగిపోయినవి. ఆ పదియాఱు మాత్రము ఒక్కటియు తొలగలేదు. పొల్లు చెఱిగినకొలది చేటలో గింజల పాలు పెరిగినట్లే యిదియు.

మఱియొక సంగతి. అంత పెద్ద పందెమునకు, సైడెలుకంటె తక్కువ ముక్కలు గలవాడు మిక్కిలి అరుదుగా తప్ప ఒప్పుకొనడు. ఎక్కువ గలవాడు విడువడు. కావున ఆ పందెమునకు గెలుపు స్వల్పము, నష్టము సర్వస్వము. నా తలంపున సైడెల్ కడపటి మౌనమును మాత్రమే చూచెను. మొదటినుండియు చాన్ ఏల నిలిచియున్నాడని విచారింపలేదు.

ఆ చిత్రమును 1998లో వచ్చిన ‘రౌండర్స్’ అను చలనచిత్రమున చేర్చుటచే ఈ యోటమి లోకమెల్ల చూచెను. అయినను సైడెల్ ఆట మానలేదు. పిమ్మట అవే పోటీలలో పలుమాఱులు గెలిచి, 2010లో పోకరు ప్రముఖుల వరుసలో చేర్చబడెను. ఎదుటివాడు ఊరకున్నాడని మనము అడుగు ముందునకు వేయుటకు ముందు, అతడు అంతవఱకు ఏమేమి చేసెనో మొదటినుండి తలచుకొనుట మంచిది. భూమి బేరమునందైనను, వ్యాజ్యమునందైనను ఈ జాగ్రత్త పనికివచ్చును.