పంపు రాని పూల్, 1901 నాటి క్లాంగ్ జ్వరం

పోస్టు కొంచెం పొడుగు, రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి.

కండోమినియం సైట్లలో పనిచేసే మనందరికీ తెలిసిన సంగతే. స్విమ్మింగ్ పూల్ కట్టడం అయిపోతుంది, లీకేజీ చూడటానికి నీళ్లు నింపుతాం, టైల్స్ కూడా అయిపోతాయి. పంపు, ఫిల్టర్ మాత్రం రావు. పంపు రూముకి కరెంటు రాలేదనో, సామాను ఇంకా ఓడలోనే ఉందనో రెండు నెలలు గడిచిపోతాయి. ఆ నీళ్లు ఎవరివి అంటే పూల్ కాంట్రాక్టరు మావి కాదంటాడు, మెయిన్ కాంట్రాక్టరు మావీ కాదంటాడు. కానీ ఆ నీళ్లల్లో పుట్టే దోమ ముందు కుట్టేది పక్కన కొంగ్సీలో పడుకునే మనల్నే. ఇది కొత్త కథ కాదు. ఈ దేశంలో నూట ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్న కథ.

దీని మొదలు మన తెలుగు నేల మీదే ఉంది. పూర్వం చలిజ్వరం చెడు గాలి వల్ల వస్తుందని అనుకునేవాళ్లు. మలేరియా అన్న మాటకి అర్థమే చెడు గాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో మిలిటరీ డాక్టరు రోనాల్డ్ రాస్, రోగిని కుట్టిన దోమ కడుపు కోసి చూస్తే అందులో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ సంగతి పనికొస్తుందో లేదో తేలిన చోట్లలో ముందువరసలో ఉన్నది మనకి తెలిసిన క్లాంగే. ఇప్పటి పోర్ట్ క్లాంగ్‌ని అప్పుడు పోర్ట్ స్వెటెన్‌హామ్ అనేవాళ్లు. మడ అడవి కొట్టి 1901 సెప్టెంబరులో రేవు తెరిచారు. తెరిచిన కొద్ది వారాలకే పనివాళ్లు వరసపెట్టి జ్వరంతో పడిపోయారు. రేవు మూసేద్దామా అనేదాకా వచ్చింది. అక్కడి ప్రభుత్వ డాక్టరు మాల్కమ్ వాట్సన్ మందులతో ఆగలేదు. ఊరి దగ్గర చిత్తడి ఎండగట్టించాడు, కాలవలు తవ్వించాడు, గుంటలు పూడ్పించాడు. క్లాంగ్, ఆ రేవు కలిపి జ్వరం చావులు 1901లో 368 ఉంటే 1902లో 59కి దిగాయి. డాక్టరు పేరు పుస్తకాల్లో ఉంది. పార పట్టినవాళ్ల పేర్లు మనకి తెలియవు. నీళ్లు నిలవకుండా చేసింది మాత్రం ఆ చేతులే.

తర్వాత వాట్సన్‌కి ఇంకో సంగతి తెలిసింది. కొండ మీది రబ్బరు తోటల్లో అడవి కొట్టి శుభ్రం చేస్తే జ్వరం తగ్గలేదు, పెరిగింది. అక్కడి దోమ రకం వేరు. ఎండ తగిలే తేటనీటి వాగుల్లోనే అది గుడ్లు పెడుతుంది. అప్పుడు ఆ నీటిని భూమిలో పైపులు వేసి కిందనుంచి పంపారు. తమిళులూ, మన కోస్తా జిల్లాల నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లూ కూలి చేసింది అలాంటి తోటల్లోనే. పనామా కాలవ దగ్గరా ఇదే. ఫ్రెంచివాళ్ల కాలంలో ఆసుపత్రిలో చీమలు ఎక్కకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టారు. దోమలు ఆ గిన్నెల్లోనే పుట్టాయి.

కాబట్టి నీళ్లు తేటగా ఉన్నాయి, ఏం కాదులే అనుకోవద్దు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకి అలాంటి నీళ్లే ఇష్టం. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు. నీళ్లు ఎండినా గుడ్డు నెలల తరబడి బతికే ఉంటుంది, మళ్లీ వాన పడితే లేస్తుంది. పూల్ మధ్యకన్నా మూలలే ప్రమాదం: బ్యాలెన్సింగ్ ట్యాంకు, స్కిమ్మర్ పెట్టె, అంచు డ్రెయిన్, పంపు గుంట, పైన కప్పిన ప్లాస్టిక్ పట్టా మడతలు.

అయితే నీళ్లన్నీ తోడేద్దాం అని ఎవరూ సొంతంగా మోటారు పెట్టొద్దు. భూమిలో నీటిమట్టం పైకి ఉంటే ఖాళీ పూల్ పడవలాగా పైకి లేస్తుంది, పగులుతుంది. ఇంజనీరు చెబితేనే తోడాలి.

నీళ్లు ఉంచాల్సి వస్తే ఇలా చెయ్యాలి. రోజూ వలతో ఆకులు తియ్యాలి. సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టి నీళ్లు తిప్పాలి. పంపు ఆన్‌లో ఉండగా మనిషి నీళ్లల్లో దిగకూడదు, ఇఎల్‌సిబి తప్పకుండా ఉండాలి. ఎండ క్లోరిన్‌ని తినేస్తుంది కాబట్టి సాయంత్రం వెయ్యాలి. 100 క్యూబిక్ మీటర్ల నీటికి 65 శాతం పొడి సుమారు 300 గ్రాములు వేస్తే 2 పీపీఎం వస్తుంది. బకెట్ నీళ్లల్లో పొడి వెయ్యాలి గానీ పొడి మీద నీళ్లు పొయ్యకూడదు. యాసిడ్ దగ్గరికే రానివ్వొద్దు. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. కొత్త ప్లాస్టర్ అయితే క్లోరిన్ ఎప్పటినుంచి వెయ్యాలో సామాను ఇచ్చినవాళ్లని అడగాలి. వారానికి ఒకసారి ఆ మూలలన్నీ టార్చి వేసి చూసి, అంచులు బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. కదిలే చిన్న పురుగులు కనిపిస్తే అవే దోమపిల్లలు, ఇక్కడివాళ్లు జెంతిక్-జెంతిక్ అంటారు.

1975 నాటి చట్టం ప్రకారం హెల్త్ వాళ్లు సైటు తనిఖీ చేయొచ్చు, జరిమానా వెయ్యొచ్చు. దోమలు పెరుగుతుంటే పని ఆపించొచ్చు కూడా. జరిమానా కంపెనీ కడుతుంది. పని ఆగితే రోజుకూలీ పోయేది మనకే. అందుకే పూల్‌లో నీళ్లు నింపే రోజునే, పంపు వచ్చేదాకా వీటిని చూసేది ఎవరు, క్లోరిన్ ఎవరు కొంటారు అని సైట్ మీటింగులో అడిగి రాయించుకోవాలి. ఒక మనిషికి ఆ పని అప్పగిస్తే దానికి రోజుకి గంట కూలీ లెక్కలో ఉండాలి, ఊరికే చేసే పని కాకూడదు.

ఇక జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిగినట్టు ఉంటే రెండు రోజులు చూద్దాంలే అనొద్దు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు, డెంగీలో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. క్లినిక్కి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. జ్వరం తగ్గిన తర్వాత కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే వెంటనే ఆసుపత్రికి పోండి. పక్క మంచం తమ్ముడికి పడుకునే ముందు ఈ ముక్క చెప్పండి.