బయటోళ్లెవరు?

"మీవాళ్లు అంత పని చేశారా భాయ్?"

2024 మార్చిలో ఖమ్మంలో 'రజాకార్' సినిమా చూసి బయటికొస్తుంటే పక్క సీటాయన అడిగిన మాట. కోపంగా అడగలేదు, జాలిగా అడిగాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రి నిద్రపట్టక ఎప్పుడో చూసిన 'గ్యాంగ్స్ ఆఫ్ న్యూయార్క్' మళ్లీ పెట్టుకున్నాను. స్కార్సెసీ 2002లో తీసింది. ఓడ దిగిన ఐరిష్ కూలీలొకవైపు, 'ఈ గడ్డ మాది' అనే ముఠా ఇంకోవైపు, మధ్యలో తండ్రిని చంపినవాడి మీద కొడుకు పగ. ఆ గడ్డ మాదనే తెల్లోళ్లూ ఓడ దిగినోళ్ల వారసులే. అసలు హక్కుదారులైన లెనాపీ ఆదివాసుల ఊసు ఆ కొట్లాటలో ఎవడికీ పట్టదు. 1863 జూలైలో అక్కడ నిజంగా జరిగింది ఇంకా ఘోరం. 300 డాలర్లు కట్టిన ధనికుడు సైన్యం నుంచి తప్పించుకుంటే, కట్టలేని పేద ఐరిష్‌వాడి కోపం దొరికిన నల్లవాళ్ల మీద పడింది. వాళ్ల అనాథ పిల్లల ఆశ్రమాన్నీ తగలబెట్టారు. హీరో పగ ముందు ఇదంతా వెనక్కిపోయింది.

రజాకార్ల దుర్మార్గాన్ని నేను కాదనను. బైరాన్‌పల్లిని కాదనను. లాతూరు వకీలు కాసిం రజ్వీ తన ఉపన్యాసాల మత్తులో పేద ముస్లిం కుర్రాళ్ల చేతికి ఆయుధాలిచ్చి, 1957లో జైలు నుంచి బయటపడి పాకిస్తాన్ పోయాడు. జవాబు చెప్పుకోడానికి మిగిలింది మేం. మరి రజాకార్లను గడీల్లో కూచోబెట్టి మేపిన దేశ్‌ముఖులు ఎవరివాళ్లు? విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపిన బందగీ ముస్లిం రైతు. రజ్వీకి ఎదురుగా 'ఇమ్రోజ్'లో రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో చంపేసిన షోయబుల్లాఖాన్ నాలాగే ఉర్దూ జర్నలిస్టు. వీళ్లెవరివాళ్లు?

సినిమాలు పోలీసు చర్యతో ఆగిపోతాయి. పగ మాత్రం అక్కడ మొదలైంది. 1948 సెప్టెంబర్ తర్వాత జరిగిన దాన్ని చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం, తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది పోయారంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో ఎక్కువ. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఆ రోజుల్లోనే అరబ్బులను, పఠాన్లను విదేశీయులని పట్టుకుని పంపేశారు. చాలామంది ఇక్కడ పుట్టినోళ్లే. (1857లో తుర్రెబాజ్‌ఖాన్ వెంట కోఠీ రెసిడెన్సీ మీద పడ్డ రోహిల్లాలూ వలసొచ్చినోళ్లే. వాళ్లని మాత్రం దేశభక్తులంటాం. ఊళ్లల్లో వడ్డీలకు జనాన్ని పీడించిందీ రోహిల్లాలే. రెండూ నిజమే.)

మా దాదా పాల్వంచ అడవిలో జంగ్లాత్ చౌకీదారు. అప్పుడు గోదావరే సరిహద్దు. ఇవతల బూర్గంపాడు నిజాంది, అవతల భద్రాచలం మద్రాసుది. 1959లోగానీ అది ఖమ్మం జిల్లాలో కలవలేదు. పోలీసు చర్య అప్పుడు దాదాను వారం రోజులు ఒక కోయగూడెంలో దాచారని దాదీ చెప్పేది. "వాళ్ల గొడ్డళ్లు గుంజుకున్నోడే గదా, ఎందుకు దాచారు దాదీ?" అంటే "ఖుదా జానే బేటా" అనేది. కోయలకు దాదా తురకోడు కాదు, జంగ్లాత్ దొర. ఒకరకంగా అంతకన్నా చెడ్డ మాట. ఆ తర్వాత ఏడాది రెండేళ్లకే కమ్యూనిస్టు దళాలకు తిండి పెడుతున్నారని ఈ అడవిలో కోయగూడేలు తగలబెట్టి, జనాన్ని తోలుకొచ్చి మిలిటరీ క్యాంపుల చుట్టూ కుక్కారు. పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో ఇదంతా రాశాడు. ఆ కోయల మీద ఎవరూ పగ సినిమా తీయలేదు.

ఇప్పుడు అదే అడవిలో గుత్తికోయలున్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు దక్కించుకుని వచ్చినోళ్లు. అడవి కొట్టారని వాళ్ల గుడిసెలు పీకేస్తుంటారు. పోయిన ఎండాకాలం అలాంటి ఒక గూడెం వార్త కోసం వెళ్లాను. నులక మంచం వాల్చి ఇప్పసారా ఇవ్వబోతే వద్దన్నాను. "మీరెక్కణ్నుంచొచ్చారు?" అని ఒక ముసలాయన్ని అడిగాను. చెప్పాడు. తర్వాత నన్నడిగాడు.

ఖమ్మం అన్నాను.

"అంతకుముందు?"